ఏ ఎస్తేరు?

పొద్దున పదింటికే పల్లవికి తిక్క రేగింది.

చేతిలో ఒకే ఒక్క కాగితం. గాంధారి దగ్గరి తండాలో పెట్టిన వైద్య శిబిరంలో చేసిన రక్త పరీక్ష. పేరు ఎస్తేరు. రక్తం నాలుగు గ్రాములే. ఈరోజే కామారెడ్డి తీసుకెళ్లి ఎక్కించకపోతే ప్రాణం మీదికొస్తుంది. వయసు, ఫోన్ నంబరు గడులు మాత్రం ఖాళీ. రాసిన మహానుభావుడెవరో గాని వాడి చేతులు విరగ, అనుకుంది కొత్తగా వచ్చిన ఆ నర్సు.

తండా మొదట్లోనే, అందరూ పెద్దవ్వ అని పిలిచే ముసలామె ఎదురైంది. కళ్లద్దాలు పెట్టుకొని కాగితం రెండుసార్లు చదివింది.

"ఎస్తేరు పేరున్న పిల్లలు నలుగురు బిడ్డా. నలుగురూ పేరు తెచ్చుకున్నోళ్లే. నడువు, అందర్ని చూపిస్త."

"నలుగురా? ఇంకో పేరే దొరకలేదా మీకు?"

"ఏమో, మంచిగనిపించి పెట్టుకున్నరు."

మొదటి ఎస్తేరు వార్డు మెంబర్. పల్లవి ఆమె కంటి కింది రెప్ప దించి చూసింది. ఎర్రగా ఉంది, రక్తానికి లోటు లేదు. "నా కాగితం నిన్ననే వచ్చింది సిస్టర్," అందామె. ఇక కదులుదామంటే పెద్దవ్వ అరుగు మీద చతికిలబడి ఆమె చెంపలు నిమురుతూ కూర్చుంది.

"ఇది ఎదురుకాళ్లతోని పుట్టింది, ఎరుకేనా?" అంది.

ఆ ముచ్చట ఇప్పుడెందుకో పల్లవికి అర్థం కాలేదు.

రెండో ఎస్తేరు జిల్లా కబడ్డీ జట్టు కెప్టెన్. గుమ్మంలో నిలబడితే గుమ్మమే చిన్నదయింది. ఆమెకు రక్తం తక్కువంటే రక్తమే నవ్వుతుంది.

మూడో ఆమె తండాలో ట్రాక్టర్ నేర్చిన మొదటి ఆడమనిషి. దుక్కి ఆపి గట్టు మీదికి వచ్చేసరికి గంట పట్టింది. "నాకేం రోగం?" అని గయ్యిమంది. రెప్ప చూస్తే నిజంగానే ఏ రోగమూ లేదు.

పెద్దవ్వ నాలుగడుగులకోసారి ఆగుతోంది.

"నువ్వు ఇంట్ల కూసో అవ్వా. నీతోని లేటైతుంది."

"లేదు బిడ్డా, నేను రావాలె."

పల్లవి పళ్లు కొరుక్కుంది. అవతల ఒక మనిషి ప్రాణం పోతుంటే ఈమెకు ఊరేగింపు కావాలి.

నాలుగో ఎస్తేరు ఎల్లారెడ్డిలో పంతులమ్మ. తండాలో ఆటో నడిపే సక్రు బండెక్కి బడికి చేరేసరికి రెండయింది. ఆమె రెప్పా ఎర్రగానే ఉంది. పెద్దవ్వ ఆమెను కావలించుకొని ఎంతకీ వదల్లేదు.

గేటు బయటికొచ్చాక పల్లవికి ఏడుపొక్కటే తక్కువ.

"పొద్దంతా పాయె. ఇంకే ఎస్తేరు ఉన్నది అవ్వా? ఆమెకేమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

పెద్దవ్వ ఆటో రాడ్డు పట్టుకొని మెల్లగా ఎక్కి కూర్చుంది. ఊపిరి కూడదీసుకుంది.

"అందర్ని చూసుడైంది, ఇగ నన్ను కామారెడ్డి తీసుకపో బిడ్డా, నా చేతుల పుట్టిండ్రని ఆ నలుగురికి నా పేరే పెట్టిండ్రు."