పదింటి అలారం

దర్జీ ఫోను సాయంత్రం నుంచి కనిపించడం లేదు. కొట్టు ఉన్న నేలమాళిగలో నెట్టూ లేదు, సిగ్నలూ లేదు. బట్టల గుట్టలు వెతికి వెతికి చేతులు పడిపోయాయి.

"ఎందుకు నాన్నా కంగారు? పదింటికి మాత్రల అలారం మోగుతుందిగా. దానికి నెట్టుతో పనేముంది? చప్పుడు చేయకుండా కూర్చో," అని చెప్పి కూతురు ఇంటికి వెళ్లిపోయింది.

ఆ అలారం పెట్టింది ఆయన భార్య. రోజూ తనే ఆపి, ఈయన మాత్ర మింగేదాకా కదలకుండా నిలబడేది. ఆమె పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి అలారం ఆపడమే తప్ప ఈయన మాత్ర వేసుకున్నది లేదు.

మిషను ఆపాడు. ఫ్యానూ ఆపాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

పదయింది. మూలనున్న కోట్ల గుట్టలో అలారం మోగింది. హమ్మయ్య అనుకుని లేచాడు. రెండడుగులు వేశాడో లేదో, ఆగిపోయింది.

ఎవరైనా నొక్కితే తప్ప ఆగని అలారం అది.

కోట్ల సందుల్లోంచి ఫోను వెలుతురు మాత్రం కనిపిస్తూనే ఉంది.

"వేసుకున్నాలేవే," అని పాత అలవాటుగా బొంకాడు దర్జీ.

వెలుతురు ఆరలేదు.

సొరుగు లాగి, మాత్ర తీసి, నీళ్లయినా తాగకుండా గుటుక్కున మింగాడు.

అప్పుడు ఆరింది.