కోటా పొడి

ఒక్క తుమ్ము తుమ్మాడు నూకరాజు. నడుంలో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. చేతిలో టీ గ్లాసు జారిపోయింది. గోడ పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

"ఓలె నర్సమ్మా! నడ్డి ఇరిగిపోనాదే!"

"తుమ్మితే నడ్డి ఇరుగుతాదేటి, సోద్యం!" అంటూ వచ్చిన అప్పలనర్సమ్మ, మొగుడి మొహం చూసి గుమ్మంలోకి పరిగెత్తింది. పక్క క్వార్టర్ సింహాచలాన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి రిక్షా ఎక్కించారు.

"లోకో షెడ్లో బాయిలర్లు మోసినోడివి. తుమ్ముకి పడిపోనావేటి బావా?" అన్నాడు సింహాచలం. "దగ్గకు. ఇంకేటి ఇరుగుతాదో!"

నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకున్నాడు నూకరాజు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది.

రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ ఝాన్సీ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"వెన్నులో రెండు పూసలు నలిగిపోయాయి. ఎముకలు గుల్లబారాయి."

"గుల్లేటమ్మా?"

"చెదపట్టిన వాసంలాగా. పైకి బాగానే ఉంటుంది. నొప్పి ఉండదు, తెలియదు. ఓ రోజు చిన్న కుదుపుకి విరుగుతుంది. ఈ కాలనీలో ముట్లుడిగిన ఆడవాళ్లలో చాలామందికి ఉంది. బక్కగా ఉన్నవాళ్లకి, ఎండ తగలనివాళ్లకి మరీనూ. ఇదిగో, మీ ఆవిడకి వచ్చిందంటే ఆశ్చర్యపోను. మీకెందుకొచ్చింది? ఏం మందులు వాడుతున్నారు?"

"ఇంగ్లీషు మందు నాలిక మీదెట్టను డాక్టరమ్మా. సూదేసిన పూటే పోనాడు మా అన్న" అన్నాడు నూకరాజు. "నాకు ఉబ్బసం. ఏడేళ్ల కిందట ఊపిరాడక పడిపోతే ఏవో మాత్రలిచ్చేరు. ఇంటికెళ్లగానే అట్టతోసహా మురుగు నాలీలో ఇసిరేసేను. మర్నాడే ఈ నర్సమ్మ బండెక్కి పక్కనున్న కోటా ఊరెల్లింది. అక్కడి సంతలో దుకాలూ వైద్‌జీ అని ఉన్నాడు. ఆకుల పొడి ఇచ్చేడు. అంతే! మళ్లీ ఆయాసం లేదు."

"రోజూ తింటారా?"

"పొద్దున్నే తేనెలో రంగరించి ఇదే ఇస్తాది. ఇది సెల్లెలింటికి గతౌరా ఎల్లినప్పుడు నానే కలుపుకు తింటానా, పని సెయ్యదు. దీని సేతి సలవ అలాటిది."

డాక్టర్ దగ్గరికి వంగింది. చంద్రుడిలా ఉబ్బిన అతని బుగ్గల్నీ, చేతుల మీద కమిలిన మచ్చల్నీ చూసింది.

"ఈ ఒళ్లు ఎప్పుడొచ్చింది?"

"మందు ఒంటికి పట్టిందమ్మా. కాలనీ అంతా కుళ్లుకుంటారు."

"అది ఆకుల పొడి కాదు. అందులో స్టెరాయిడ్ మాత్ర కలుస్తోంది. ఆయాసం మంత్రం వేసినట్టు పోతుంది. ఏళ్లతరబడి తింటే ఎముకని తినేస్తుంది. మగవాళ్లు ఈ జబ్బుతో వస్తే నేను ముందు అడిగేది అదే."

నూకరాజు తన బుగ్గలు తడుముకున్నాడు.

"ఒక్కసారిగా మానకూడదు, ప్రాణానికే ముప్పు. అదే మాత్ర నేనిస్తాను. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి."

"ఇంగ్లీషు మాత్రా?"

"ఇన్నాళ్లూ తిన్నది అదే."

అప్పలనర్సమ్మ అడిగింది: "మానేస్తే ఎముక మళ్లీ గట్టిపడతాదా అమ్మా?"

"పోయినదంతా తిరిగి రాదు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

దుకాలూ ఉత్త వైద్యుడైతే నూకరాజుకి అంత మండేది కాదు. వీళ్ల కూతురి పెళ్లికి వచ్చి పక్కన కూర్చుని తిన్నవాడు. 'భాయి' అని తప్ప పేరుతో పిలవనివాడు.

నడుముకి బెల్టు కట్టుకుని, కర్ర పట్టుకుని లేచి తిరగగలిగిన మొదటి సంత రోజునే కోటాకి బయల్దేరాడు.

"ఒద్దయ్యా. ముసిలోడు. పోనీ" అంది అప్పలనర్సమ్మ.

"ఏటి పోనీ? ఇంత పొడుగుండీవోడిని కుదించేసేడు!"

ఆమె కూడా వెంట వెళ్లింది.

దుకాలూ గోనె పట్టా మీద పొట్లాలు పరుచుకుని కూర్చున్నాడు. చూసి ముఖమంతా నవ్వాడు. "ఆవో భాయి" అంటూ పక్కకి జరిగి చోటిచ్చాడు.

నూకరాజు కర్రతో పొట్లాలన్నీ బురదలోకి నెట్టేశాడు. తనకొచ్చిన హిందీలో సంతంతా వినేలా అరిచాడు. పొడిలో మాత్రలు కలుపుతున్నాడని, తన వెన్ను విరగ్గొట్టాడని. జనం మూగారు.

"మోర్ బేటా కే కిరియా, భాయి!" అని దుకాలూ కొడుకు మీద ఒట్టేశాడు. ఓ పొట్లం విప్పి, గుప్పెడు పొడి అందరి ముందూ నోట్లో పోసుకున్నాడు. పొలమారి దగ్గుతూ అప్పలనర్సమ్మ వైపు తిరిగాడు.

"భాభీ, నువ్వు చెప్పు."

అప్పలనర్సమ్మ నేల చూసింది.

ఎవరో పట్టా లాగేశారు. ఎవరో ముసలాడి చెంప మీద కొట్టారు. మళ్లీ ఈ సంతలో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతామన్నారు. దుకాలూ తిట్టలేదు. బురదలో కూర్చుని, తడవని పొట్లాలు ఏరుకుంటూ నూకరాజు వైపే చూస్తుండిపోయాడు.

తిరుగు పాసింజర్లో నూకరాజు కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదే నర్సమ్మా. నా వోడనుకున్నాను. నమ్మి తిన్నాను" అన్నాడు. "ఇంక ఈ బూమ్మీద నీ సేత్తో పెట్టిందే తింటాను."

అప్పలనర్సమ్మ కిటికీ వైపు తిరిగి, బొడ్డులో దోపుకున్న చిన్న సంచీ విప్పి, ఏడేళ్లుగా ఆసుపత్రి చీటీతో కొని తెచ్చి, ఆయన నిద్ర లేవకముందే వైద్‌జీ పొడిలో నూరి కలుపుతూ వచ్చిన మాత్రల్లో మిగిలిన ఒక్క అట్టనీ ఊచల మధ్య నుంచి పట్టాల మీదికి జారవిడిచింది.