కలకండ సీసా

చాక్లెట్ ఫౌంటెన్ వద్దన్నప్పుడే డెకరేషన్ కిరణ్ ముఖం చిన్నబోయింది. ఎలుగుబంటి బొమ్మల జెల్లీలు కూడా వద్దనేసరికి ట్యాబ్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరింకేం పెట్టమంటారు మేడం? రిసెప్షన్‌లో క్యాండీ బఫే అంటే ఇవే కదా."

"కమ్మరకట్లు, తేనె మిఠాయి, బొరుగుల ఉండలు, శెనక్కాయల అచ్చులు. అన్నీ మా అంగట్లోవే," అంది పెళ్ళికూతురు ధరణి. "సీసాలు కూడా మావే తెస్తాం అన్నా."

గోడవారగా కూర్చున్న ఆమె తల్లి నాగవేణి చప్పున తలెత్తింది.

ఆ సీసాల సంగతి ఆమెకు తెలియదా? చిత్తూరులో బడి ఎదురుగా 'మునిరామయ్య అంగడి'. బోర్డు మీద పేరు మొగుడిది, కూర్చుని అమ్మేది తను. మూతలు సొట్టలు పడిన ఆ సీసాల్లోంచి ఒక్కో మిఠాయి తీసిస్తూనే ధరణిని డిప్లొమా దాకా చదివించింది. ఇప్పుడా పిల్ల శ్రీ సిటీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వియ్యాలవారేమో నగరిలో మగ్గాల ఆసాములు. వాళ్ళ ముందరా ఈ సీసాలు?

"యాడ పెట్టేది మేడం? భోజనాల హాలు పక్కన ఖాళీ ఉండాది," అన్నాడు కిరణ్.

"ఆడ కాదు. మండపం వాకిట్లో, గంధం బల్ల పక్కనే. అది దాటకుండా ఎవరూ లోపలికి పోకూడదు."

"సరే. కవర్లు, పటకార్లు పెట్టేస్తాం. ఎవరిక్కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు."

"పటకార్లు వద్దు. మా అమ్మ నిలబడి చేత్తో ఇస్తాది."

కిరణ్ గడప దాటేదాకా నాగవేణి బిగబట్టుకుంది.

"బుద్ధుండే మాట్లాడుతుండావా? బిడ్డ పెళ్ళి పూట కూడా నన్ను అంగట్లోనే నిలబెడతావా? మిఠాయిలమ్మేదాని కూతురినని నగరి వాళ్ళకు దండోరా వేయాల్నా?"

"వాళ్ళకు తెలిసిందే కదమా."

"తెలిసేది వేరు, సూపించేది వేరు. నేను ఉగ్రాణంలో ఉంటా. తాళంచెవి నా దగ్గరుంటే ఒక్క కొబ్బరికాయ కూడా యాడికీ పోదు."

పెళ్ళిళ్ళలో సామాన్ల గది ఆమెకు అలవాటైన చోటు. బియ్యం మూటల మధ్య, అరటి గెలల పక్కన కూర్చుంటే ఎవరికీ అడ్డం ఉండదు. సొంత అన్న కొడుకు పెళ్ళిలోనూ అక్కడే కూర్చుంది. ఆ ఆల్బమ్ ఎంత వెతికినా అందులో నాగవేణి కనబడదు.

"నువ్వు ఉగ్రాణంలో ఉంటే నేను స్టేజీ ఎక్కేదే లేదు," అంది ధరణి. చిన్నప్పటి నుంచీ అంతే, పట్టిన పట్టు విడవదు.

అంతలో నాగవేణి వదిన లోకేశ్వరి వెండి తట్ట పట్టుకుని వచ్చింది. వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళకు పన్నీరు చల్లి, గంధం, కుంకుమ, కలకండ ఇచ్చే పని ఆమెది. తట్ట తళతళలాడేలా తోముకొచ్చింది.

"గంధం, కుంకుమ నువ్వే ఇయ్యత్తా. కలకండ మాత్రం నాకు కావాల," అంటూ ధరణి తట్టలోని కలకండ గిన్నె తీసి ఖాళీ సీసాలో ఒంపేసింది.

"అదేంది మే? గంధంతో పాటు ఇచ్చేది కదా అది. మన పక్క ఆనవాయితీ."

"అదీ తీపే కదత్తా. తీపి అంతా ఒక్క బల్ల మీదే ఉండనీ."

లోకేశ్వరి నాగవేణి వైపు చూసింది. ఆ చూపు నాగవేణికి కొత్త కాదు. అయినా తల దించుకుంది.

నాలుగు రోజులు కూతురితో సరిగ్గా మాట్లాడలేదు. పెంచినందుకు ఇదా మర్యాద అని లోలోపల కుమిలిపోయింది. పెళ్ళికి ముందు రోజు రిసెప్షన్ పూట కడుపునొప్పి అని పడుకుందామని కూడా అనుకుంది. పడుకోనిస్తే కదా.

ఆ సాయంత్రం ధరణి తలనిండా పూలతో వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బల్ల వెనక నిలబెట్టింది. తెల్లటి గుడ్డ మీద, రంగు లైట్ల కింద అవే సీసాలు, అవే సొట్ట మూతలు. నడుమ కలకండ సీసా.

"ముందు కలకండ ఇయ్యి. తర్వాత ఎవరేం అడిగితే అది."

"వద్దు పాపా, నా మాట విను. ఎవరన్నా ఒక మాటంటే నీకే..."

"అననీ. నేనుండాను గదా."

కార్లు దిగి ముందుగా వచ్చింది పెళ్ళికొడుకు తల్లి పంకజాక్షి. వెనక నగరి ఆడవాళ్ళంతా. లోకేశ్వరి వాళ్ళకు గంధం రాసి కుంకుమ పెట్టింది. తర్వాతి అడుగు మిఠాయి బల్ల ముందే పడింది.

నాగవేణి సీసాలోంచి గుప్పెడు కలకండ తీసింది. రెండు పలుకులు గుడ్డ మీద రాలాయి. పంకజాక్షి ఒక్క క్షణం ఆగింది. తల్లి పక్కనే నిటారుగా నిలబడి తననే చూస్తున్న కాబోయే కోడలిని చూసింది. తర్వాత కుడిచెయ్యి చాపింది.

"ఇంకో రెండు పలుకులు వెయ్యి వదినా," అంది. "ఆ కమ్మరకట్టు కూడా ఒకటియ్యి. తిని ఎన్నాళ్ళయిందో."

మునిరామయ్య పోయిన ఈ తొమ్మిదేళ్ళలో ఏ శుభకార్యంలోనూ వాకిట్లో నిలబడనివ్వని, కుంకుమ భరిణె తాకనివ్వని నాగవేణి చేతి నుంచి, ఆ సాయంత్రం వచ్చిన ప్రతి ముత్తయిదువా తీపి అందుకునే ఆ పెళ్ళిలోకి అడుగుపెట్టింది.