తప్పు పట్టేవాళ్ళు

"జీతం పెంచుతానన్నాను. కిటికీ పక్కన సీటిస్తానన్నాను. ఇంక కాళ్ళు పట్టుకోమంటావా?" రిలీవింగ్ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగాను.

"కోపం తెచ్చుకోకండి మేడమ్. పోయిన నెల నా కోడ్‌లో కావాలనే ఒక తప్పు పెట్టాను," అన్నాడు మా టీములో మిగిలిన ఒకే ఒక్క ఇంజనీరు.

"ఎందుకయ్యా?"

"ఎవరైనా పట్టుకుంటారేమోనని. భూతద్దం ఉండుంటే పది నిమిషాల్లో నా సీటు దగ్గరికొచ్చి చీవాట్లు పెట్టేవాడు."

భూతద్దమని మేం పిలుచుకునే అతనే అందరికంటే ముందు వెళ్ళిపోయాడు. ఆ వెనకే ఇంకో ఏడుగురు. ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చూసి అప్రూవ్ చెయ్యాలన్నది మా రూలు. చూసేవాళ్ళంతా పోయాక ఆ పని నా నెత్తిన పడింది.

"మీరు నిమిషంలో అప్రూవ్ చేశారు. పైగా 'సూపర్' అని రాశారు."

"మరి ఆ తప్పు?"

"సాయంత్రం నేనే తీసేశాను. దానికీ సూపర్ అనే రాశారు."

అతను నవ్వలేదు. నేను చెయ్యి తీసి సంతకం పెట్టాను.

అతను వెళ్ళేసరికి, చివరగా రాసిన కోడ్ నా స్క్రీన్ మీద అప్రూవల్ కోసం కాచుకునుంది. ఈసారైనా చదవాలని మొదలుపెట్టాను. మూడో లైను దగ్గరే ఆగిపోయి, ఎవరినైనా అడుగుదామని తలెత్తాను.

ఎదురుగా తొమ్మిది ఖాళీ కుర్చీలు.

అప్రూవ్ నొక్కాను. ఏం రాయాలో తెలియక, సూపర్ అనే రాశాను.