ఎలుగు మేష్టారికి బీరకాయ

సినిమా చూసినవాళ్ల ఇంటికి అందులోని పాత్ర ఒక పూట భోజనానికి రావడం మంగళగిరిలో ఇప్పుడు మామూలే. చిన్నప్పటి బొమ్మల పుస్తకంలో గొడుగు వేసుకు తిరిగే ఎలుగు మేష్టారి మీద సినిమా వచ్చిందనగానే ఇందుమతి కూతుర్ని వెంటబెట్టుకుని మొదటి ఆటకే వెళ్లింది. ఆమె తండ్రి పానకాలు గుండెల్లో మాత్రం రాయి పడింది.

బీరకాయ కూర తినబట్టే మేష్టారికి అంత బలమని ముద్దముద్దకీ చెప్పి ఇందుమతిని పెంచింది ఆయనే. పుస్తకంలో ఆ ముక్కే లేదు. ఇప్పుడు ఇందుమతి కూడా అదే చెప్పి కూతురికి తినిపిస్తోంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, అది గొడుగు వేసుకుని ఇంటికే వస్తుందని పానకాలు ఎన్నడూ అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేష్టారు వచ్చి, గొడుగు మడిచి గుమ్మం పక్కన పెట్టి, భోజనానికి కూర్చున్నాడు.

"మీ బలమంతా దీంట్లోనే ఉందిగా, అందుకే బీరకాయే చేశానండీ," అంది ఇందుమతి.

పిల్ల కళ్లార్పకుండా చూస్తోంది. పానకాలు కంచంలోంచి తల ఎత్తలేదు.

మేష్టారు కూర వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, తల దించుకున్న పానకాలు వంక చూశాడు.

"ఇది తినకపోతే నాకు గొడుగు కూడా లేవదమ్మా," అంటూ కూరంతా ఊడ్చేశాడు. ఆయన్ని చూసి పిల్లా ఊడ్చేసింది.

ఇందుమతి మారు వడ్డించడానికి వంటింట్లోకి వెళ్లగానే మేష్టారు పానకాలు చెవి దగ్గరికి వంగాడు.

"మీరు చాలా నయం బాబాయిగారూ. పుస్తకంలో నాకు రాసింది తేనె ఒక్కటే. నిన్నటి ఇంట్లో కాకరకాయ తిన్నాను. మొన్నటి ఇంట్లో ఆముదం తాగించారండీ!"