రాతి చర్చిలో పెళ్ళిచూపులు

“నువ్వేనా బాబూ?” చర్చి గుమ్మం దగ్గర చీర కట్టుకున్న ఆంటీ అడిగింది. పక్కన కూతురు.

“నేనేనండి!” అన్నాడు కౌస్తుభ్, బ్లేజర్ సర్దుకుంటూ. పదకొండన్నారు, సరిగ్గా పదకొండుకే వచ్చారు. అక్కడ తెలుగు ముఖాలు ఇంకెవరివీ లేవు.

అతనికిది ఏడో సంబంధం. ఆరూ బెడిసికొట్టాయి. ఈ అమ్మాయి ఆర్కిటెక్టట. ఫోటో పంపనంది, పెళ్ళిచూపులు ఫ్రిస్కో ఊరికి అవతలున్న ఈ పాత చర్చిలోనే కావాలంది. పాపం, కౌస్తుభ్ వారం రోజులు ఆఫీసు పని అటకెక్కించి చర్చి చరిత్ర బట్టీపట్టాడు. ఇదీ తప్పిపోతే ఇక బ్రహ్మచర్యమేనని వాళ్ళమ్మ ఫోన్లో ముందే ఏడ్చేసింది.

“తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఫ్రాన్స్‌లో కట్టారండి. రాయికో నంబరు వేసి, విప్పి, ఓడలో తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు.”

“సింహద్వారం పడమరకేమిటి? వాస్తు చూసుకోలేదా?”

“ఆ కాలపు రోమనెస్క్ పద్ధతి చర్చిలు చాలావరకు అంతేనండి. తూర్పుకి తిరిగి ప్రార్థన చేస్తారు.”

“కిటికీలు మరీ పిసినారివి!”

“పైకప్పు కూడా రాయే కదండీ. ఆ బరువు మొయ్యడానికే గోడలు నాలుగడుగుల మందం. పెద్ద కిటికీ పెడితే గోడ గోవిందా!”

అమ్మాయి కిసుక్కున నవ్వింది. కౌస్తుభ్ గుండె ఝల్లుమంది. నేరుగా చూస్తే బాగుండదని, స్తంభం మీద చెక్కిన రాక్షసుణ్ణే చూస్తూ, వాడు మనిషినెందుకు మింగుతున్నాడో చెప్పుకుపోయాడు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. ఇలాంటప్పుడు ఫోనెత్తడం మర్యాద కాదని కట్ చేశాడు.

“ఏం చదువుకున్నావు బాబూ?”

“ఎమ్మెస్ అండీ.”

“ఎమ్మెస్సా!” ఆవిడ ఎందుకో నిట్టూర్చింది. “ఏం చేస్తాంలే, జాబ్ మార్కెట్ అలా తగలడింది.”

“ఎలాగోలా నెట్టుకొస్తానండీ,” అన్నాడు వినయంగా.

గుండ్రటి ఆర్చీలన్నీ చూపించి బయటికొచ్చేసరికి అతని గొంతు బొంగురుపోయింది.

“నాకు భలే నచ్చావయ్యా. మావాళ్ళందరికీ నీ గురించే చెప్తాను.”

హమ్మయ్య! కౌస్తుభ్‌కి సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్కడికక్కడే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు. ఆవిడ కంగారుపడి పర్సు తెరిచింది. తాంబూలమే ఇచ్చేస్తుంది కాబోలనుకుని, అతను రెండు చేతులూ చాచాడు.

“గైడ్‌కి పది డాలర్లు చాలు కదా బాబూ?”