అడుగున ఉన్న పేరు

హైమవతి పేరును ఊరు మింగేసింది. అందులో త్యాగరాజుకు అనుమానమేమీ లేదు.

సీతారాముల కల్యాణానికి ఏటా కొత్త అడ్డుతెర కావాలి. ముప్పై ఏళ్లు వాటి మీద బొమ్మలు వేసింది ఆమె. తెర అడుగున పేరు మాత్రం గుడ్డ కొనిచ్చిన దాతది. ఆ దాత రాజాం షావుకారు సీతారామారావు. గుడి కమిటీ పెద్ద కూడా ఆయనే. వేసిన చేతి పేరు రాయడం ఆ గుడి ఆచారం కాదు.

ఆమె పోయి మూడేళ్లయింది. తెరలు దాచిన గది తాళాలు త్యాగరాజు మొలనే ఉంటాయి. తాతల నాటి నుంచి వాళ్లది గుడిసేవ.

ఓ మధ్యాహ్నం కెమెరా పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది.

"తాతా, తెరలు ఫొటోలు తీసుకుంటాను."

"తీసుకో. నాకేటి?"

తీస్తూ తీస్తూ ఆగింది.

"ఇవి ఏసిందెవరు తాతా?"

"అడుగున రాసున్నాది కదా. సదువు రాదేటి?"

"అది ఇచ్చినాయన పేరు. ఏసినోళ్ల పేరు సెప్పు."

ముప్పై ఏళ్లలో ఎవరూ అడగని మాట అది. త్యాగరాజుకు ఒళ్లు మండింది.

"హైమవతి. నా పెళ్లాం. బతికున్నప్పుడు నోర్లు రాలేదేటి మీకు? రాసుకుని నడు!"

రాసుకుంది. వెళ్లిపోయింది. నువ్వెవరని అతను అడగనే లేదు.

రెండు నెలలకు పక్కింటి ఝాన్సీలక్ష్మి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మావా! అత్త బొమ్మలకి ఎవరో వెబ్‌సైటు కట్టినారు!"

"అమ్ముకోడానికే. నాకు తెల్దేటి?"

"ముందు సూడు, తరవాత తిట్టు."

ఫోను నిండా కోరాగుడ్డ రంగు. వేలు ఆనించగానే ఆ రంగు మెల్లగా కిందికి జారింది, జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించినట్టు. వెనక హైమవతి చిలకలు.

పేజీకి ఒక్కటే బొమ్మ. చుట్టూ బోలెడంత ఖాళీ. మెరుపుల్లేవు, గెంతే అక్షరాల్లేవు. పసుపు పసుపులాగే ఉంది. ఇంకోసారి వేలు ఆనిస్తే బొమ్మ దగ్గరకొచ్చి, ఆమె కుంచె ఎత్తిన చోటు కూడా కనిపించింది. పక్కనే కూర్చుని ముప్పై ఏళ్లు చూసినా అతనికి అది కనిపించలేదు.

"బొమ్మని బొమ్మలా ఉండనిచ్చినారే," అన్నాడు త్యాగరాజు. "సెయ్యి తెలిసినోళ్లు."

అడుగున దాత పేరు కత్తిరించేసి ఉంది. హైమవతి పేరొక్కటే ఉంది.

"మరి ఇది సేసినోళ్ల పేరేదీ?"

"కిందికంటా లాగినాను మావా. లేదు."

మర్నాడే త్యాగరాజు ఇంటి ముందు సీతారామారావు కారు దిగాడు.

"త్యాగరాజూ, ఆ వెబ్‌సైటులో మా పేరు మళ్లీ పెట్టమని, నీ దగ్గర ఫొటోలు తీసుకెళ్లిన పిల్లకి సెప్పు. నువ్వు సెప్తేనే పెడతాదట."

"సెప్పను."

"తెరల గది తాళాలు లాగేసుకుంటాను."

త్యాగరాజు మొలలోంచి తాళాలు తీసి ఆయన కాళ్ల ముందు పడేశాడు.

"పట్టుకుపో షావుకారూ. ముప్పై ఏళ్లు నీ పేరు మేం సూసినాం. ఇప్పుడు ఆవిడ పేరు నువ్వు సూడు."

షావుకారు తాళాలు ముట్టుకోలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"పేరు పెట్టకపోతే నా గుమ్మం తొక్కొద్దన్నాను. సంచీ సర్దుకుని పోయినాది. చరిత... నా మనవరాలయ్యా అది."

పేరు పెట్టమని త్యాగరాజు చెప్పలేదు. తన పెళ్లాం పేరు కోసం ఇల్లొదిలిన పిల్లని ఆ రోజు 'నడు' అని కసిరినందుకు, ఆ పిల్ల సంగతి ఆ తరువాత ఎవరెత్తినా సిగ్గుతో నోరు విప్పలేదు. ఈ జన్మకు విప్పడు.